ముందు స్ట్రెచర్ తోసేవారికి హెడ్‌సెట్ పెట్టండి

సంపాదకులకు,

రోగి పడే అవస్థ సిబ్బందికి తెలియాలని ఆసుపత్రులు, నర్సింగ్ కాలేజీలు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ల వైపు చూస్తున్నాయి. కళ్లకు తగిలించుకుంటే మనం వేరే చోట ఉన్నట్టే చుట్టూ దృశ్యం చూపించే పరికరాలివి. సంతోషమే. కానీ ఎవరికి పెట్టాలి, ఏం చూపించాలి, చూశాక ఏం చేయించాలి అన్నది తేల్చుకోకుండా కొంటే అవి ఆర్నెల్లలో బీరువా పాలవుతాయి.

ఎంబీబీఎస్ విద్యార్థులకు 2019 బ్యాచ్ నుంచి రోగితో మాటతీరు, నడవడిక నేర్పే ‘ఏట్‌కామ్’ పాఠాలు సిలబస్‌లోనే ఉన్నాయి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, ఓపీ చీటీ రాసిచ్చే మనిషి, వార్డుబాయ్, ఆయా మాత్రం చాలాచోట్ల అవుట్‌సోర్సింగ్ మీద వచ్చి, ఏ పాఠమూ లేకుండానే డ్యూటీ ఎక్కుతారు. రోగికి మొదట ఎదురుపడేది వాళ్లే. హెడ్‌సెట్ కూడా ముందు వాళ్లకే పెట్టాలి.

ఇక చూపించే దృశ్యం. అమెరికాలో ఎంబాడీడ్ ల్యాబ్స్ అనే సంస్థ తయారుచేసిన ఒక పాఠంలో చూసేవారు ఆల్‌ఫ్రెడ్ అనే 74 ఏళ్ల పెద్దాయన అయిపోతారు. కంటి మధ్యభాగం దెబ్బతినడంతో ఎటు చూసినా చూపు నడుమ ఒక నల్లటి మచ్చ. ఎదుటి డాక్టరు జుట్టు, చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. సన్నని ధ్వనులు చెవికి అందవు. ఇలాంటి వినికిడి లోపంలో స, శ, త, క లాంటి హల్లులు ముందు జారిపోతాయి. ‘సగం మాత్ర వేసుకో’ అన్నది ‘..గం మా..ర వే..కో’ అని చేరుతుంది. ‘వినపడుతోంది గానీ తెలియట్లేదమ్మా’ అని ముసలివాళ్లు అనేది ఇందుకే. గట్టిగా అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు తేలవు. ఎదురుగా నిలబడి, నిదానంగా, పొట్టి మాటల్లో చెబితే తేలతాయి. ఇది పది నిమిషాల్లో ఒంటబట్టే పాఠం. అయితే ఇంగ్లీషు మాటలున్న దృశ్యం మన ఆయాకు ఎందుకు పనికొస్తుంది? ఆదిలాబాద్ లాంటి చోట గోండీ మాత్రమే తెలిసిన అవ్వ తెలుగు వార్డులో ఎలా ఉంటుందో చూపించాలంటే ఆ దృశ్యం మనమే తీసుకోవాలి.

తీయడం పెద్ద ఖర్చు కాదు, మెళకువ కావాలి. రెండు లెన్సుల 360 డిగ్రీల కెమెరాను స్ట్రెచర్ మీద తలగడ ఉండేచోట బిగించాలి. మామూలుగా నిలబెడితే రెండు బొమ్మలు అతుక్కునే గీత సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. రోగి మీదికి వంగిన నర్సు ముఖం అక్కడే రెండుగా చీలిపోతుంది. అందుకే ఒక లెన్సు పైకప్పు వైపు చూసేలా కెమెరాను పడుకోబెట్టి, ఎడిటింగ్‌లో దృశ్యాన్ని సరిగ్గా తిప్పుకోవాలి. స్ట్రెచర్‌ను ఒకే వేగంతో, తిన్నగా నడపాలి. మలుపు వచ్చినచోట దృశ్యం ఆపి, మలుపు దాటాక మొదలుపెట్టాలి. కంటి ముందు దృశ్యం తిరుగుతుంటే ఒళ్లు కదలకపోవడమే వీఆర్‌లో కళ్లు తిరగడానికి, వాంతి రావడానికి కారణం. కెమెరాకు చుట్టూ అన్నీ పడతాయి కాబట్టి నిజమైన రోగులు, కేసు షీట్లు లేని ఖాళీ వార్డులో, సిబ్బందినే రోగులుగా పెట్టి తీయాలి.

నల్లమచ్చ విషయంలో ఒక చిక్కుంది. కంటి కదలికను పసిగట్టే ఏర్పాటు లేని హెడ్‌సెట్లలో మచ్చ తెర నడుమే ఆగిపోతుంది. చూసేవారు కళ్లు పక్కకు తిప్పి దాన్ని దాటేస్తారు. ‘తల తిప్పి చూడండి, కళ్లు కాదు’ అని ముందే చెప్పాలి.

చూసేవారిని కుర్చీలో కాదు, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల వెనక గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉంటే దిండుకు ఒత్తుకుంటుంది, గుడ్డ పట్టీ వాడాలి. హెడ్‌సెట్ అరకిలో ఉంటుంది కాబట్టి దృశ్యం ఆరేడు నిమిషాలు దాటకూడదు. ఫిట్స్ ఉన్నవారికి పెట్టవద్దు. వైఫై మీద ఆధారపడకుండా ఫైలు ముందే లోపల ఎక్కించుకోవాలి. ముఖానికి తగిలే మెత్తకు సిలికాన్ తొడుగు వేసి, మనిషి మారినప్పుడల్లా తుడవాలి. లెన్సులకు స్పిరిట్ తగలనివ్వకూడదు, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కిటికీ ఎండలో వదిలేస్తే లెన్సు భూతద్దంలా పనిచేసి లోపలి తెర కాలిపోతుంది.

నాలుగు హెడ్‌సెట్లు, పన్నెండు మంది, గంట సమయం. అందులో చూడ్డానికి మూడు విడతలూ కలిపి ఇరవై ఐదు నిమిషాలు పోతాయి. మిగతా ముప్పై ఐదూ మాటకూ సాధనకూ ఉంచాలి. దీన్ని ఎగ్గొడితే శిక్షణ ఇచ్చినట్టే కాదు. 2021లో 43 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో, వీఆర్ వల్ల ఎదుటివారి బాధకు మనసు కరుగుతోంది గానీ, వాళ్ల ఆలోచనను అర్థం చేసుకునే తీరు మెరుగుపడడం లేదని తేలింది. అంధత్వం, వైకల్యం అనుకరించే కసరత్తుల్లోనూ ఇంతే. చివరికి ‘అయ్యో పాపం’ మిగులుతుంది, గౌరవం పెరగదు. కాబట్టి చూపు తగ్గినా సొంతంగా పనులు చేసుకునే ఒకరిని పిలిపించి మాట్లాడించాలి.

ఆ తర్వాత అసలు పని. కళ్లకు హెడ్‌సెట్ లేకుండా, ఒకరు పడుకుని, ఒకరు తోస్తూ: ‘తాతా, ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నా. లిఫ్టు గడప దగ్గర కాస్త కుదుపు వస్తుంది.’ తోసేముందు ఈ రెండు ముక్కలు చెప్పడం అలవాటయ్యేదాకా చేయించాలి. మూడు నెలల తర్వాత హెడ్ నర్సు ఒక పూట వరండాలో నిలబడి, ఇరవై స్ట్రెచర్లు పోతే ఎన్నిటి దగ్గర ఈ మాట వినపడిందో రాసుకుంటే చాలు. సగం కూడా లేకపోతే మళ్లీ పడుకోబెట్టండి.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్,
కరీంనగర్