బహానగా ప్రమాదం తర్వాత పేరు చెప్పకుండా వెళ్లిపోయిన అక్కకు

2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రైలు ప్రమాదం జరిగాక, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కుటుంబాల పక్కన కూర్చుని కాగితాలు రాసిపెట్టిన అక్కా, మీకు దణ్ణాలు.

ముఖం చూసి గుర్తుపట్టామని సంతకం పెట్టొద్దని పదేపదే ఆపింది మీరే. ఒక దేహాన్ని రెండు కుటుంబాలు మావాడే అన్నప్పుడు డీఎన్‌ఏ తప్ప దారి లేదు. దానికి భార్య రక్తం పనికిరాదు, అమ్మానాన్నలో కన్నబిడ్డలో రావాలి. ఇది ముందే తెలియకపోతే ఊరికీ భువనేశ్వర్‌కీ మళ్లీ ప్రయాణమే.

రైల్వే ప్రకటించిన 10 లక్షల ఎక్స్‌గ్రేషియా వేరు, రైల్వే ప్రమాద పరిహార కేసులు చూసే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఇచ్చే 8 లక్షల పరిహారం వేరు. రెండోదానికి ఏడాదిలోపు దరఖాస్తు పడాలి. మొదటి డబ్బు చేతికందగానే అంతా అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ, పాపం! జనరల్ బోగీ ప్రయాణికుడి టికెట్ దొరక్కపోయినా హక్కు పోదు. వివరాలతో అఫిడవిట్ వేస్తే, కాదని రుజువు చేయాల్సింది రైల్వేనే.

ఆధార్‌లో ‘వెంకటరావు’, మరణ ధ్రువపత్రంలో ‘వెంకట్రావు’. ఇంత చిన్న తేడాకే ఫైలు ఆగిపోతుంది. పెన్సిల్‌తో మీరు సున్నా చుట్టి చూపించింది సరిగ్గా అక్కడే.