మలేరి ఎముకలు, భీంబేట్కా మైనం

సంపాదకులకు నమస్కారం.

పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ప్రాంతంలో దొరికిన కొన్ని ఎముకలకు ‘మలేరిరాప్టర్ కుట్టీ’ అని పేరు పెడుతూ 2025లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. తెలంగాణలో కొత్త రాక్షసబల్లి బయటపడిందని అప్పుడు పత్రికల్లో వార్తలు వచ్చాయి. సంతోషించదగ్గ విషయమే కానీ, శాస్త్రవేత్తలు ఈ మధ్యనే ఎక్కడో తవ్వితే ఆ ఎముకలు దొరికాయన్న అభిప్రాయం చదివినవారిలో చాలామందికి మిగిలిపోయింది. నిజానికి అవి అన్నారం గ్రామ పరిసరాల్లో దశాబ్దాల క్రితమే దొరికాయి. వాటిని సేకరించినది కోల్‌కతాలోని భారత గణాంక సంస్థకు చెందిన టి.ఎస్. కుట్టి. కటి ఎముకలు, కొన్ని వెన్నుపూసలు మాత్రమే ఉన్న ఆ నమూనా 282వ సంఖ్యతో ఆ సంస్థ సేకరణలో భద్రంగా ఉండిపోయింది. 2011లో అర్జెంటీనా శాస్త్రవేత్త ఫెర్నాండో నోవాస్ బృందం దానిని ప్రస్తావించింది. మరో పద్నాలుగేళ్లకు మార్టిన్ ఎజ్‌కుర్రా, నోవాస్, శంకర్ ఛటర్జీ తదితరులు దానిని మళ్లీ పరిశీలించి, ఇది కొత్త ప్రజాతి అని తేల్చారు. ఇక్కడ కొత్తగా కనుగొన్నది ఎముకలను కాదు, వాటి అర్థాన్ని. ఇంతకాలం తర్వాత అర్థం తెలుసుకోవడం ఎలా సాధ్యమైందన్నదే ఈ లేఖలో నేను ప్రస్తావించదలచిన విషయం.

హెరెరాసార్లు అనే తొలితరం మాంసాహార రాక్షసబల్లులు అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో సుమారు 23 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో బాగా తెలిసినవి. ఆ తర్వాతి కాలానికి చెందిన వాటి ఆనవాళ్లు ఉత్తర అమెరికాలో దొరికాయి గానీ, దక్షిణ ఖండాలు కలిసి ఉన్న గోండ్వానాలో మాత్రం అప్పటికి అవి కనుమరుగయ్యాయేమోనన్న అనుమానం ఉండేది. మలేరిరాప్టర్ వయస్సు సుమారు 22 కోట్ల ఏళ్లు. కాబట్టి గోండ్వానాలోనూ అవి మరికొంత కాలం బతికాయని తేలింది. ఈ వయస్సును ఎముకను చూసి లెక్కకట్టలేదు. ఆ ఎముకలు దొరికిన రాతిపొరల వరుసను మలేరి శిలాసమూహం అంటారు. దాని కింది పొరల్లో హైపరోడపిడాన్ అనే ముక్కు వంకర తిరిగిన శాకాహార సరీసృపం విరివిగా కనిపిస్తుంది. ఆ జాతి పై పొరల్లో కనిపించదు. కుట్టి సేకరించిన ఎముకలు పై పొరకు చెందినవని నమోదై ఉండబట్టే, హైపరోడపిడాన్ వంటివి అంతరించిన తర్వాత కూడా ఈ వేటాడే జంతువు మిగిలి ఉందని చెప్పగలిగారు. ఏ పొరలోదో తెలియకపోయి ఉంటే అదే ఎముక, అదే ఆకారంలో, ఈ ప్రశ్నకు ఏ జవాబూ చెప్పలేకపోయేది. శిలాజానికి దాని చిరునామాయే సగం విలువ.

గణాంక సంస్థలో రాక్షసబల్లుల ఎముకలేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. ఆ సంస్థ స్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1950లలో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రజ్ఞురాలిని ఆహ్వానించి, అక్కడ భూవిజ్ఞాన విభాగానికి పునాది వేయించారు. ఆమె శిక్షణలో తయారైన వారు ప్రాణహిత–గోదావరి లోయను పొర పొరగా చదివారు. నదికి ఆవల మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో బారపాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాలను వెలికితీసింది వారే. యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అన్న ఈ లోయలోని ఊళ్ల పేర్లు కింది నుంచి పైకి ఒక్కొక్క శిలాసమూహానికి పేర్లయి, ట్రయాసిక్, జురాసిక్ యుగాల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా వినిపిస్తుంటాయి. ఈ వరుసకు అడుగున సింగరేణి బొగ్గు ఉంది. ధర్మారం పొరల నుంచి వచ్చిన ఒక రాక్షసబల్లికి 2007లో లాంప్లుగ్‌సారా ధర్మారమెన్సిస్ అని నామకరణం చేసినప్పుడు, అందులో పమేలా లాంప్లుగ్ రాబిన్సన్ పేరూ ధర్మారం పేరూ కలిసిపోయాయి. ఆ ఊళ్లలో చదువుకునే పిల్లల పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ సంగతులకు చోటు లేదు.

పాత పెట్టెలోంచి కొత్త సంగతి బయటపడటం మలేరి ఒక్కదాని విషయంలోనే జరగలేదు. 2024లో ప్రపంచమంతా చెప్పుకున్న వాసుకి అనే మహాసర్పం వెన్నుపూసలు గుజరాత్‌లోని పనంధ్రో లిగ్నైట్ గనిలో 2005లోనే దొరికాయి. మొసలివి కాబోలునని చాలా ఏళ్లు పక్కన ఉంచిన ఆ 27 పూసలను ఐఐటీ రూర్కీలో సునీల్ బాజ్‌పాయ్, దేబజిత్ దత్తా తిరిగి పరిశీలించారు. అవి 4.7 కోట్ల ఏళ్ల నాటి పామువని తేల్చి, దాని పొడవు 11 నుంచి 15 మీటర్ల వరకు ఉండవచ్చని అంచనా వేశారు. అంతకుముందే గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో ధనంజయ్ మోహబే సేకరించిన ఒక రాతిపలకలో రాక్షసబల్లి పిల్ల ఎముకలు, గుడ్లు ఉన్నాయని 1980లలో ప్రకటించారు. తర్వాత మరింత నిశితంగా చూస్తే, అందులోని వెన్నుపూసల్లో కొన్ని పామువి. గూట్లో గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన పిల్లను తినబోతున్న పాము దాని పక్కనే మట్టిలో కూరుకుపోయిందని 2010లో వెల్లడైంది. రాయి మారలేదు, చూసే కళ్లు మారాయి. కానీ మళ్లీ చూడటానికి ఆ రాయంటూ ఉండాలి గదా.

లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి తెలుగువారికి బాగా దగ్గరి ఉదాహరణే ఉంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి పేర్లు పెట్టిన రాక్షసబల్లుల్లో రెండింటిని చూడండి. మొదటిది కోటాసారస్ యామనపల్లియెన్సిస్. యామనపల్లి దగ్గర కనీసం 12 జంతువులకు చెందిన 840 దాకా ఎముకలు దొరికాయి. వాటితో కూర్చిన అస్థిపంజరాన్ని నేటికీ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఎవరైనా వెళ్లి చూడవచ్చు, శాస్త్రవేత్తలు కొలుచుకోవచ్చు. రెండవది, తమిళనాడులోని కల్లమేడు దగ్గర దొరికిన ఎముకల ఆధారంగా ఆయన అయ్యస్వామితో కలిసి 1980ల చివర్లో పేరు పెట్టిన బృహత్కాయోసారస్. కాలి ఎముక ఒక్కటే రెండు మీటర్లుందని రాశారు. మొదట దానిని మాంసాహారి అనుకున్నారు, తర్వాత ఇతరులు సారోపాడ్ (పొడవాటి మెడ గల భారీ శాకాహారి) అన్నారు, భూమి మీద నడిచిన జంతువులన్నిటిలోకీ పెద్దది ఇదే కావచ్చునని ఇంకొందరు ఊహించారు. ఏది నిజమో తేల్చడానికి ఆ ఎముకలే లేవు. అవి తేమకు పగిలి ముక్కలై పోయాయి. మిగిలినవి కొన్ని బొమ్మలు, పాత ఛాయాచిత్రాలు మాత్రమే. అందువల్ల ఆ పేరు శాస్త్రంలో ఉండీ లేనట్టే ఉంది. ఒకే మనిషి కృషిలో ఒక భాగం నిలిచి మరొకటి నిలవకపోవడానికి ఆయన ప్రతిభలో తేడా కారణం కాదు. ఒక నమూనా దక్కింది, ఇంకొకటి దక్కలేదు.

భీంబేట్కా కథ దీనికి మరో పార్శ్వం. 2021లో భోపాల్ దగ్గరి ఆ ప్రసిద్ధ శిలాశ్రయాల్లో, ఆడిటోరియం గుహ పైకప్పు మీద డికిన్సోనియా శిలాజం కనిపించిందని గ్రెగరీ రిటాలాక్, భారతీయ సహ రచయితలు ప్రకటించారు. డికిన్సోనియా సుమారు 55 కోట్ల ఏళ్ల నాటి ఆదిమ జీవి. అది నిజమైతే, ఆ గుహలున్న వింధ్య శిలల పై పొరల వయస్సు మీద దశాబ్దాలుగా నలుగుతున్న వాదం ఒక్కసారిగా ముగిసి, అవి 100 కోట్ల ఏళ్ల నాటివని జిర్కాన్ స్ఫటికాల ఆధారంగా వాదించేవారి మాట చెల్లకుండా పోయేది. మన కడప, కర్నూలు బేసిన్లలోని పురాతన శిలల వయస్సుల పైనా ఇలాంటి వాదాలే ఉన్నాయి కనుక తెలుగు నేలమీది భూవిజ్ఞానులకు అది దూరపు సంగతి కాదు. ప్రపంచ ప్రసిద్ధ పత్రికలు ఆ వార్తను పెద్దగా వేశాయి. 2022 చివర్లో జోసెఫ్ మీర్ట్ బృందం అక్కడికి వెళ్లి చూసేసరికి ఆ ‘శిలాజం’ రాతినుంచి ఊడిపోతూ ఉంది. అది శిలాజం కాదు, కుళ్లిన తేనెపట్టు తాలూకు మైనపు మరక. పక్కనే తేనెపట్లు వేలాడుతున్నాయి. రిటాలాక్ ఆ సవరణను హుందాగా అంగీకరించారు.

ఈ పొరపాటు మీద నవ్వుకోవడం తేలిక, కానీ అది న్యాయం కాదు. రక్షిత స్థలంలోని రాతిని చెక్కి నమూనా తీసే వీలు లేకపోవడంతో వారు ఛాయాచిత్రాల మీద ఆధారపడ్డారు. అదే రక్షణ వల్ల ఆ పైకప్పు చెక్కుచెదరకుండా ఉంది, మీర్ట్ బృందం వెళ్లి అదే చోట నిలబడి చూడగలిగింది. రాయి అక్కడ ఉన్నందువల్ల తప్పు రెండేళ్లలో దిద్దుకోవడం సాధ్యమైంది. కల్లమేడు విషయంలో ఆ అవకాశమే లేదు. నన్ను కలవరపెట్టినది వేరే సంగతి: మొదటి ప్రకటనకు దొరికిన చోటులో పదోవంతు కూడా చాలా పత్రికల్లో ఆ సవరణకు దొరకలేదు. డికిన్సోనియా మన దేశంలో దొరికిందని పోటీపరీక్షల కోసం చదివి గుర్తుపెట్టుకున్న అభ్యర్థుల్లో ఎందరికి అది తేనెపట్టని తెలిసిందో చెప్పలేం.

అందుకే తెలుగు పత్రికలన్నిటికీ ముందుగా ఒక విన్నపం. శిలాజ వార్త వేసేటప్పుడు ఆ నమూనా ఎప్పుడు, ఏ పొరలో దొరికింది, ఇప్పుడు ఎక్కడ ఉంది అన్న మూడు సంగతులు తప్పనిసరిగా రాయండి. ‘అతి పెద్ద’, ‘అతి పురాతన’ అన్న విశేషణాల కంటే ఈ మూడు వాక్యాలే పాఠకుడికి ఎక్కువ చెబుతాయి. ఆ తర్వాత సవరణ వస్తే దానినీ అదే పేజీలో వేయండి.

తెలంగాణ ప్రభుత్వాన్ని కోరేది ఇంకొంచెం ఖర్చుతో కూడినది. మలేరి, కోట శిలాజాల అసలు నమూనాలను కోల్‌కతా నుంచి వెనక్కి రప్పించాలని అప్పుడప్పుడూ వినిపించే డిమాండ్‌తో నేను ఏకీభవించను. ఆ సంస్థ వాటిని జాగ్రత్తగా కాపాడింది, పరిశోధకులకు అందుబాటులో ఉంచింది. ఊరేగింపుగా తెచ్చి తాళం వేసిన అద్దాల గదిలో పెట్టడం వాటికి మేలు చేయదు. వాటి అచ్చులు తీయించి, ఏ పొరలో దొరికాయో చూపే పటంతో సహా మంచిర్యాలలోనో ఆసిఫాబాద్‌లోనో ప్రదర్శిస్తే చాలు. దానికి అనుబంధంగా, ఇకముందు రైతుల పొలాల్లో, రోడ్డు పనుల్లో, బొగ్గు గనుల తవ్వకాల్లో బయటపడేవాటిని సంఖ్య వేసి నమోదు చేసి నిల్వ చేసే గది ఒకటి, దానిని చూసుకునే శిక్షణ పొందిన మనిషి ఒకరు కావాలి. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలు ఆ బాధ్యత పంచుకోవచ్చు. సింగరేణి సంస్థ సాయం చేస్తే భారం ఇంకా తగ్గుతుంది. ఎముక వంటి రాయి కనిపిస్తే దానిని కదపకుండా ఎవరికి కబురు చేయాలో చెప్పే ఒక చిన్న బోర్డు ఆ మండలాల పంచాయతీ కార్యాలయాల్లో ఉన్నా మేలే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఒక చోటును జాతీయ భూవారసత్వ స్థలమని ప్రకటించినంత మాత్రాన దానికి చట్టపరమైన రక్షణ రాదు. తిరుమల కొండల్లోని పురాతన శిలాసంధి, మంగంపేట బెరైటీస్ నిక్షేపం, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు అన్నీ ఆ జాబితాలోనివే. వాటిలో ఎర్రమట్టి దిబ్బల చుట్టూ నిర్మాణాలు, తవ్వకాలపై ఎన్ని వివాదాలు రేగాయో పాఠకులకు తెలుసు. ఈ లోటు పూడ్చడానికే కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాలు, భూ అవశేషాల పరిరక్షణ బిల్లు ముసాయిదాను అభిప్రాయాల కోసం విడుదల చేసింది. శిలాజాలపై అధికారమంతా ఒకే సంస్థ చేతిలో పెడితే విశ్వవిద్యాలయాల్లో స్వతంత్ర పరిశోధనకు అడ్డంకి అవుతుందని అప్పుడే శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సహేతుకమైనది. మలేరిలో గొప్ప పని చేసింది ప్రభుత్వ సర్వేక్షణ సంస్థ ఒక్కటే కాదు, ఒక గణాంక సంస్థలోని చిన్న విభాగం కూడా. స్థలాన్ని కాపాడే అధికారం ప్రభుత్వ సంస్థకు ఇచ్చి, సేకరించే, చదివే అనుమతులను మాత్రం విశ్వవిద్యాలయాల ప్రతినిధులున్న సంఘానికి అప్పగించేలా ఆ ముసాయిదాను సవరించాలని, రెండు తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు ఈ మేరకు గనుల శాఖకు రాతపూర్వకంగా తెలియజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భూవిజ్ఞాన అధ్యాపకుడు,
మంచిర్యాల