చేతికందిన ఆకుతో చెట్టు జబ్బు తేల్చొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా కాలనీ పార్కులో ఒక పాత అరౌకేరియా ఉంది, అందరూ క్రిస్మస్ చెట్టు అంటారు. కింది కొమ్మలు పసుపు తిరిగాయని అసోసియేషన్ వాళ్లు ఆకు ల్యాబ్‌కు పంపారు. నత్రజని తక్కువని రిపోర్టు వచ్చింది. మొదలు చుట్టూ రెండు తట్టల యూరియా పోశారు, కొసలు మాడాయి. ఇప్పుడు కొట్టేస్తామంటూ వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతికి దరఖాస్తు రాస్తున్నారు.

ఏ కొమ్మ ఆకు పంపారని వాచ్‌మన్‌ని అడిగాను. "చేతికి అందింది తెంపిన సార్" అన్నాడు.

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను. ఈ జాతి చెట్లకు ఆకులు ఏళ్ల తరబడి ఉంటాయి. కాలిఫోర్నియా కొండల్లోని బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకులైతే 30 ఏళ్లు దాటినా రాలవు. ముసలి ఆకులోని నత్రజని, భాస్వరం, పొటాష్ చిగుళ్లకు తరలిపోతాయి. కాల్షియం కదలదు, ఆకు ముదిరేకొద్దీ అక్కడే పేరుకుంటుంది. ఎండ తగిలే పైకొమ్మ ఆకు మందం, నీడలోది పల్చన. వాసననిచ్చే టెర్పీన్లు, వగరు టానిన్లు కూడా ఒకే చెట్టులో కొమ్మకో తీరుగా ఉంటాయి. అడుగు కొమ్మ ముదురాకులో నత్రజని తగ్గడం నిక్షేపంలాంటి చెట్టులోనూ మామూలే. చింతచిగురు పప్పు వండేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, అదే చెట్టు ముదురాకు వేస్తే ఎవరు తింటారు?

మన ద్రాక్ష రైతులు కత్తిరింపుల తర్వాత రెమ్మ మొదలు నుంచి లెక్కపెట్టి 5వ ఆకు తొడిమను పరీక్షకు పంపుతారు. మామిడికి కొమ్మ నడిమిలోని 4 నుంచి 7 నెలల ఆకు కోస్తారు. యూరప్ అడవుల సర్వేల్లో పైమూడోవంతులోని ఆ ఏటి సూదులు తీస్తారు, అదీ చలికాలంలో. నగరంలో చెట్ల పరీక్షలకూ ఇలాంటి ఒక పేజీ నియమం కావాలి. ఎంత ఎత్తులో, ఎటువైపు, ఎంత వయసు ఆకు, ఎన్ని కొమ్మల నుంచి, ఏ తేదీన తీశారో రాయని రిపోర్టును నరికివేత దరఖాస్తుకు జతచేస్తే అధికారులు తిప్పి పంపాలి.

మా చెట్టుకు నిజంగానే జబ్బు ఉండొచ్చు. వేరుకుళ్లు కావచ్చు, మొదలుదాకా పరిచిన సిమెంటు కావచ్చు. ఆ కాగితం మాత్రం అది చెప్పదు. ఆదివారం మీటింగ్‌లో తీర్మానం పెడతారట. మళ్లీ పరీక్ష చేయిద్దాం, పైకొమ్మ ఆకుకు నిచ్చెన నేనే తెస్తానని కబురు పెట్టాను.

- ఒక రిటైర్డ్ లెక్చరర్, హైదరాబాద్