కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: ఆరోగ్య విభాగం

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం. వీధిదీపాలు, సైడు కాలువల సంగతి సర్వసభ్య సమావేశంలో ఎలాగూ తేలుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ వైపు మన వీధుల్లోకి వచ్చిపడ్డాక బియ్యం, దుప్పట్లు, బురద ఎత్తించడం వరకు బాగానే చేశాం. గోడల మీది నీటి చారలకు సున్నం కొట్టించాక అంతా సర్దుకుందనుకోవడం మాత్రం మన పొరపాటే. మొదటి శిబిరానికి ‘మానసిక వైద్యం’ అని బోర్డు పెడితే ఎవరూ రాలేదు. రెండోసారి బీపీ, షుగరు పరీక్షలు అని రాశాం. వచ్చారు. మోకాళ్ల నొప్పులు, గుండె దడ అంటూ మొదలుపెట్టి, లేచి వెళ్లేముందు అసలు మాట చెప్పారు. ఒకావిడ మబ్బు పట్టగానే ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు పాలిథిన్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకుంటారు. వాన వెలిసినా విప్పరు. ఆవిడ భర్త సాయంత్రం నాలుగింటికే మందు మొదలుపెడుతున్నారు. ఇంట్లో గొడవంతా మందు గురించే, మేడ మీద గడిపిన ఆ రాత్రుల ఊసే రాదు.

పీటీఎస్‌డీ (ప్రాణం మీదికొచ్చిన ఘటన తర్వాత పీడకలలు, భయాలతో వెంటాడే మానసిక సమస్య) ఒక్కటే రావడం తక్కువని శిబిరానికి వచ్చిన డాక్టరుగారు చెప్పారు. 1995లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ప్రకారం, ఎప్పుడైనా పీటీఎస్‌డీ వచ్చిన మగవారిలో సుమారు 88 శాతం, ఆడవారిలో 79 శాతం మందికి కనీసం మరో మానసిక సమస్య కూడా ఉంది. తగిలిన దెబ్బను బట్టి తోడొచ్చేది మారుతుందట. యుద్ధం చూసిన జవాన్లలో తాగుడు, కోపం. ఏళ్ల తరబడి ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లలో కుంగుబాటు, చావు ఆలోచనలు. రోడ్డు ప్రమాదం తప్పించుకున్నవారిలో బండెక్కాలంటే భయం, తగ్గని నొప్పి. అయినవాళ్లను పోగొట్టుకున్నవారిలో ఎంతకీ తీరని దుఃఖం. గీత గీసి విడదీయలేం, ఒక్క మనిషిలోనే రెండు మూడు ఉండొచ్చు. తాగుడొక్కటే మాన్పిస్తే పీడకలలు మళ్లీ సీసా దగ్గరికే లాక్కొస్తాయి కాబట్టి రెండింటికీ కలిపే వైద్యం జరగాలన్నారు. చీటీ లేకుండా తెచ్చుకుంటున్న నిద్రమాత్రల గురించి గట్టిగానే మందలించారు. కార్యవర్గంలోనూ ఇద్దరు తలదించుకున్నాం.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను వాటర్ ట్యాంకు గోడ మీద రాయించాం. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి పూట కూడా ఎత్తుతారు. నెలకోసారి కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. మగవాళ్లు ఇంకా లోపలికి రావడం లేదు, బయట అరుగు మీద కూర్చుని వింటున్నారు. వచ్చే నెల నుంచి కుర్చీలు అక్కడే వేయిస్తాం.

– కార్యదర్శి