ఆ బీరువా తాళం తీయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ లైబ్రరీ సైన్స్ లెక్చరర్ నమస్కారాలు. మా బడి లైబ్రరీ పుస్తకాలు బీరువాలో తాళం పడి ఉన్న విషయం మీద నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. రసీదులు చేతికొచ్చాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురిలో అడగాల్సి వస్తోంది.

ముప్పై ఏళ్లు కాలేజీలో వర్గీకరణ, కేటలాగింగ్ చెప్పాను. రిటైరయ్యాక మా పేటలోని ప్రభుత్వ బడిలో పిల్లల చేతే లైబ్రరీ పని చేయించాను. మైదా జిగురు కాచి ఊడిన అట్టలు అంటించారు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్ వాళ్లే రాశారు. ఒకరోజు గబ్బిలాల పుస్తకం దగ్గర పేచీ వచ్చింది. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో పక్షుల నంబరు 598 వేద్దామని ఏడో తరగతి బాబు, కాదని పక్కనున్న అమ్మాయి. ఇద్దరూ నేల మీద కూర్చుని పుస్తకం తిరగేశారు. గబ్బిలం పిల్లకు పాలిస్తుందన్న వాక్యం కనబడగానే ఆ బాబే లేబుల్ పీకేసి, క్షీరదాల నంబరు 599 రాశాడు. నా సర్వీసంతా కలిపి ఇంత మంచి పాఠం నేను చెప్పలేదండీ.

ఇప్పుడా పుస్తకాలన్నీ బీరువాలో ఉన్నాయి. పోయినా చిరిగినా తన జీతంలోంచి కట్టాలేమోనని ఇన్‌చార్జి టీచరుకు భయం. ఆమెను తప్పుపట్టలేను. లెక్కల క్లాసులు, రికార్డులు, యాపుల పని, వాటిపైన ఈ తాళంచెవి. ఆడిట్ అంటేనే టెన్షన్. కొత్తగా వచ్చిన కట్టలకు పురికొస కూడా విప్పలేదు. మొన్న చూస్తే కింది అరలో చెదలు పట్టాయి. చెద తింటే ఎవరినీ అడగరు, పిల్లాడి చేతిలో చిరిగితే అడుగుతారా? ఇదెక్కడి న్యాయం సార్?

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు మాది. కృష్ణ అవతల, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. ఆయన నీళ్లకు భయపడలేదు. మనం పిల్లలకు భయపడుతున్నాం.

లైబ్రేరియన్ పోస్టుల సంగతి చూస్తామని ఎన్నో మీటింగుల్లో విన్నాం. అవి వచ్చేదాకా ఒక్క సర్క్యులర్ ఇప్పించండి: చదివి చిరిగిన పుస్తకానికి టీచరు దగ్గర డబ్బు కట్టించుకోబోమని. మీకు ఒక సంతకం పని.

ఆ బాబు ఎనిమిదిలోకి వచ్చాడు. దారిలో కనబడినప్పుడల్లా "మేడమ్, బీరువా ఎప్పుడు తీస్తారు?" అంటున్నాడు. దయచేసి తాళం తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, విజయవాడ