మిర్చి మిషన్ తీసేశాను, ఎందుకో మీకు చెప్పాలి

చందానగర్, లింగంపల్లి, బీహెచ్‌ఈఎల్ చుట్టుపక్కల నుంచి ఏళ్లుగా మా పిండి గిర్నికి వస్తున్న అన్నలకు, అక్కలకు, పెద్దమ్మలకు నమస్కారం.

ఈ సంక్రాంతి అయినప్పటి నుంచి మా దగ్గర మిర్చి, పసుపు పట్టడం లేదు. ఆ మిషన్ తీసేసి, ఆ జాగాలో గోధుమలకు మాత్రమే ఇంకో రాతి గిర్ని బిగించాను. సంగతి ఇంతే. కానీ కాలనీ వాట్సాప్ గ్రూపులో "గిర్ని బీహారోళ్లకు రాసిచ్చిండు", "మనోళ్ల కారం ఇప్పుడు ఘాటైందట ఆయనకు" అని రాశారు. రాసినవాళ్లలో మా నాన్న పట్టిచ్చిన పిండి తిని పెరిగినవాళ్లు కూడా ఉన్నారు. అందుకే తలుపు మీద ఒక కాగితం అంటించి ఊరుకోవడానికి మనసొప్పలేదు.

మా గిర్నిలో ఇన్నాళ్లూ రెండే మోటార్లు. ఒకటి రాతి గిర్ని. బియ్యం, జొన్నలు, మక్కలు, శనగపప్పు, గోధుమలు అన్నీ అందులోనే. రెండోది మిర్చి మిషన్. మీటరుకు మంజూరైన లోడు ఆ రెండింటికే సరిపోతుంది. లోడు పెంచుకుంటానంటే ఇంటి ఓనరు ఒప్పుకోలేదు, మూడోదానికి జాగా కూడా లేదు.

ఒకప్పుడు గోధుమలు తెచ్చేవాళ్లు టౌన్‌షిప్‌లోని కొన్ని ఇళ్లవాళ్లే. ఇప్పుడు నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు వైపు లేచిన టవర్లలో కాపురం ఉంటున్నవాళ్లూ గోధుమలే తెస్తున్నారు, ఆ టవర్లు కడుతున్నవాళ్లూ గోధుమలే తెస్తున్నారు. మధ్యప్రదేశ్ కుటుంబాలు ఊరి నుంచి షర్బతీ గోధుమలు బస్తాల్లో తెప్పించుకుంటాయి, బారీక్‌గా, అంటే మెత్తగా పట్టమంటాయి. బీహార్, జార్ఖండ్ కూలీలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. చిన్న డబ్బాతో వస్తారు, మోటాగా పట్టమంటారు, పొట్టు తీయొద్దంటారు. వేయించిన శనగలు తెచ్చి సత్తు పట్టించుకుంటారు. ఒడిశావాళ్లు గోధుమల కోసం పెద్దగా రారు. వాళ్లూ మనలాగే అన్నం తినేవాళ్లు. పండగొస్తే నానబోసిన బియ్యం తెస్తారు, మనం అరిసెలకు తెచ్చినట్టే. వచ్చినవాళ్లందరినీ ఒకే మూట కట్టి మాట్లాడేవాళ్లకు ఈ తేడా తెలియాలని రాస్తున్నాను. గిర్ని దగ్గర నిలబడితే రోజూ కనిపించే విషయమే ఇది.

చిక్కు ఎక్కడంటే, రాతి గిర్నిలో ఒక గింజ పట్టాక రాళ్ల మధ్య కొంత పిండి మిగిలిపోతుంది. తర్వాత ఏది పోస్తే దానితో కలిసి బయటికొస్తుంది. జొన్నపిండిలో గోధుమ కలిస్తే ఆ రొట్టెకు జొన్న రుచి ఉండదు. ఒంటికి గోధుమ పడక జొన్నలు తినేవాళ్ల విషయంలో అది రుచితో పోయే సంగతి కూడా కాదు. సకినాల పిండి తడిపిండి. అది పట్టాక రాళ్లు విప్పి తుడవకపోతే తర్వాతివాళ్ల గోధుమపిండి ఉండలు కడుతుంది. మొన్న సంక్రాంతికి ముందు వరుసలో మీరూ వాళ్లూ ఒకరి గిన్నె వైపు ఒకరు చూసుకున్న చూపులు నేను చూశాను. ఒక పెద్దమ్మ తన బియ్యం మూత తీయకుండా "ముందు నీ రాళ్లు చూపియ్ బిడ్డా" అంది. ఆమె అడిగింది న్యాయమే.

నా ముందు మూడు దార్లున్నాయి. గోధుమలు మానేయడం. పొద్దున గోధుమలు, సాయంత్రం బియ్యం జొన్నలు అని వేళలు పెట్టడం. లేదంటే మిర్చి తీసేసి గోధుమలకు వేరే రాళ్లు పెట్టడం. వేళలు పెట్టి చూశాను. సైటు పని చేసేవాళ్లకు చీకటి పడితేగానీ తీరదు, ఆఫీసులవాళ్లకూ అంతే, జొన్నలు తెచ్చే మీకూ ఆ వేళే వీలు. గొడవ తగ్గకపోగా పెరిగింది. ఇక మిగిలినవి రెండు: గోధుమలా, మిర్చా?

ఇక్కడే నాకు నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. డబ్బు కోసం చేశాడన్నారు. మిర్చి కిలోకు వచ్చే రేటు గోధుమలకు వచ్చేదానికంటే ఎంత ఎక్కువో పట్టించుకున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి మీద వచ్చిన పైసలతోనే మా పిల్లల ఫీజులు కట్టాం. మా ఇంటామె ఒప్పుకోలేదు, ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. అంతకంటే బరువైనది ఇంకోటి ఉంది. ఆ మిషన్ మా అమ్మది. ముక్కుకు కొంగు కట్టుకుని, ఎవరి కాయలు వాళ్లకే, ఒకరి తేజ మిర్చి ఇంకొకరి చపాట మిర్చిలో కలవకుండా పట్టిచ్చిన మనిషి ఆమె. ఎండాకాలం మీరు రావడం, ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని, కూర్చుని ముచ్చట్లు చెప్పి పోవడం, అదంతా ఆ మిషన్ దగ్గరే జరిగింది. దాన్ని విప్పించిన రోజు నేను గిర్ని మూసేసి ఇంటికెళ్లిపోయాను. "మనోళ్లను వదిలేసిండు" అని రాసిన చెయ్యికి ఆ సంగతి తెలియదు.

అయినా తీసేశాను. మిర్చి ఘాటు ఉన్న గదిలో సత్తు పట్టలేం, పసిపిల్లల ఉగ్గుకు బియ్యం పట్టలేం. ఇంకో కారణం చెప్తాను. దీపావళి అయిన ఆరో రోజు బీహార్, జార్ఖండ్‌వాళ్ల ఛఠ్ పండగ. దాదాపు 36 గంటలు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం. ఆ ప్రసాదానికి గోధుమలు కడిగి, ఎండబోసి, పిట్ట ముట్టకుండా కాపలా కాసి తెస్తారు. నిరుడు ఒకామె డబ్బా పట్టుకుని మా గడప దాకా వచ్చింది. మిర్చి మిషన్ చూసింది, ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. సత్యనారాయణ వ్రతానికి గోధుమరవ్వ పట్టించుకునేవాళ్లు వస్తే మా అమ్మ ముందు గిర్నంతా శుభ్రం చేయించేది. అదే మర్యాద ఆ తల్లికి ఇవ్వలేకపోయిన గిర్ని మా అమ్మ గిర్ని ఎట్లా అవుతుంది?

"వీళ్లు లేకపోతే నీకు నడవదా" అని ఒకాయన అడిగాడు. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మే 1 తెల్లవారుజామున, వలస కూలీలను ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మన లింగంపల్లి స్టేషన్ నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. దాదాపు 1,200 మంది, కంది దగ్గర ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు. ఆ తర్వాత ఇంకా ఎన్నో రైళ్లు వెళ్లాయి. క్రేన్లు ఆగిపోయాయి, గదులు ఖాళీ అయ్యాయి, కూరగాయల బండ్లు పలచబడ్డాయి. ఈరోజు గ్రూపులో రాస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు అప్పుడు అద్దెలు రావట్లేదని నా దగ్గర కూర్చుని బాధపడ్డవాళ్లే. వాళ్ల అద్దె పైసలు తీసుకోవచ్చు కానీ వాళ్ల గోధుమలు నేను పట్టకూడదా?

మా నాన్న నారాయణపేట దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. ఆయన అన్న బొంబాయి పోయి మట్టిపని చేశాడు. పాలమూరు లేబర్ పోని డ్యాము, రోడ్డు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో చెప్పడం కష్టం. భివండీ, షోలాపూర్ మగ్గాల దగ్గర మన తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. బొంబాయిలో మా పెదనాన్నకు జొన్నలు పట్టిచ్చిన గిర్నాయన "మీ ఊరెక్కడ" అని అడిగి తిప్పి పంపలేదు.

మా గిర్నిలో పనిచేసే పిల్లోడు బీహార్‌లోని సమస్తీపూర్ వాడని కూడా అన్నారు. ఈ పిండి దుమ్ములో నిలబడడానికి ఇక్కడి పిల్లలను ఎందరిని అడిగానో మీలో కొందరికి తెలుసు, మీ ఇళ్లకే వచ్చి అడిగాను. రాళ్లకు గంట్లు కొట్టడంలో వాడి చెయ్యి మంచిది. తెలుగు నేర్చుకుంటున్నాడు. వాణ్ని తీసెయ్యను.

ఇక మీకు కావాల్సిన సంగతులు. పాత రాళ్ల మీద ఇక బియ్యం, జొన్నలు, మక్కలు, పప్పులు మాత్రమే. గోధుమలు ఎవరివైనా కొత్త రాళ్ల మీదే, మీ ఇంటివైనా సరే. తడిపిండి పట్టిన ప్రతిసారీ రాళ్లు విప్పి మీ ముందే తుడుస్తాం. పట్టే రేటు పెంచలేదు.

మిర్చి, పసుపు కావాలంటే మంగళవారం, శుక్రవారం తెచ్చివ్వండి. పటాన్‌చెరులో మా బామ్మర్దికి మిర్చి మిషన్ ఉంది. నేనే తీసుకెళ్లి, దగ్గరుండి పట్టించి, మర్నాడు మీ సంచి మీకిస్తాను. ఆటో ఖర్చు నాది. సంచి మీద పేరు రాయండి, కాయలు ముందే బాగా ఎండబెట్టండి, తొడిమలు తీసివ్వండి. ఎవరి కారం వాళ్లదే, కలవదు. మా అమ్మ పెట్టిన లెక్క అది, పటాన్‌చెరులోనైనా తప్పదు.

బోర్డు మీద హిందీలో రాయించింది తుడిపేయమన్నారు. తుడిపించను. తెలుగు పైన పెద్దక్షరాల్లో ఉంది, హిందీ కింద ఉంది, రెండూ ఉంటాయి. దీని మీద ఇంకేమైనా అనాలనుకుంటే గ్రూపులో కాదు, గిర్ని దగ్గరికి వచ్చి నా ముందు అనండి. సాయంత్రం ఏడు దాటితే మాట్లాడే తీరిక ఉండదు. పదకొండు నుంచి నాలుగు మధ్య రండి, జొన్నలు కూడా వెంట తెచ్చుకోండి, ఆ వేళలో వరుస ఉండదు.