స్ప్రింగు సంగతి తర్వాత, ముందు విప్పి చూద్దాం

నల్లగొండ

అరేయ్ మామా,

నీ మెసేజ్ చూశా. ఫోన్లో చెబితే సగం వినవు, విన్న సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ నాన్న కాలం నాటి ఎయిర్ గన్‌కు పవర్ తగ్గింది, పేలిస్తే పొగ వస్తోంది, మాడు వాసన కొడుతోంది, ఇంకా గట్టి స్ప్రింగు వేయిద్దామా అని అడిగావు. వద్దురా బాబూ. పొగ వస్తోందంటే నువ్వు లోపల ఏదో నూనె పోశావు, అది కచ్చితంగా కుట్టుమిషన్ నూనే అయి ఉంటుంది, మన ఇళ్లల్లో తలుపు కీచుమన్నా ఫ్యాను మొరాయించినా అదే కదా మందు!

ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, దాని ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడ పెట్రోలియం నూనె ఉంటే అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్లో ప్లగ్గు లేకున్నా మంట పుట్టేది ఇట్లనే. ఒకటి రెండు సార్లయితే ఏం కాదు గానీ, రోజూ అదే పనిగా జరిగితే పిస్టన్ ముందు గాలి జారిపోకుండా ఆపే సీల్ కాలుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది, ఒక పెల్లెట్, అదే సీసపు గుండు, పైకి ఒకటి కిందికి పోతుంది. అప్పుడు నువ్వు గురి చూసే సైటును తిప్పుతూ కూర్చుంటావు, పాపం సైటు ఏం చేసింది?

నా గన్ మొన్ననే మొత్తం విప్పాను. చెక్క స్టాక్ తీయడం పెద్ద పనేం కాదు, ముందు రెండు మరలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో. భయపడాల్సింది వెనక మూత దగ్గరే. గన్ కాక్ చేసి, అంటే పేల్చడానికి బిగించి, లేకపోయినా ఆ స్ప్రింగు లోపల బిగదీసుకునే ఉంటుంది, పిన్ను లాగగానే మూత మొహం మీదికి ఎగిరొచ్చిందంటే పళ్లు రాలతాయి. అందుకని కార్పెంటర్లు చెక్కలు అతికేటప్పుడు బిగించే పొడవాటి క్లాంపు ఒకటి తెచ్చి, దాంతో మూతను నొక్కి పట్టి, పిన్ను తీసి, మర కొంచెం కొంచెం వదులు చేస్తూ స్ప్రింగును బయటికి రానిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకునే చేశాను, నువ్వూ పెట్టుకోవాల్సిందే. విప్పే ముందు బ్యారెల్లో పెల్లెట్ లేదని చూడు, మళ్లీ చూడు.

లోపలి సంగతి చూస్తే నీకు నవ్వొచ్చేది. గ్రీజు అనేది ఎప్పుడో పోయింది, దాని బదులు నల్లటి జిగట ముద్ద, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగర. అదంతా అరిగిన ఇనుప పొడి. స్ప్రింగును అద్దం పలక మీద దొర్లించాను, తిన్నగా పోకుండా ఒక పక్కకు ఎగిరెగిరి పడింది, అంటే వంగిపోయింది. కొత్తది వేశాను గానీ పాతదాని తీగ మందం, చుట్ల లెక్క చూసి అదే కొలతది వేశాను, అంతకన్నా గట్టిది కాదు.

అసలు మజా స్ప్రింగు గైడు దగ్గరుంది, అంటే స్ప్రింగు లోపల దూరి దాన్ని తిన్నగా పట్టే కడ్డీ. పాత ఇనుప గైడు స్ప్రింగులో గిలకలా ఊగుతోంది, పేల్చినప్పుడల్లా వచ్చే ఆ ‘డొయ్‌య్’ మోత దాని పుణ్యమే. క్లాక్ టవర్ దగ్గర నుంచి కొంచెం లోపలికి పోతే ఒక లేతు షాపుంది, ఆయన ఎప్పుడూ బోరు మోటార్ల షాఫ్టులతో తల మునకలుగా ఉంటాడు, ఒక నైలాన్ కడ్డీ ఇచ్చి బిగుతుగా దూరేలా గైడు తీయమంటే, గన్నుకా అని ఒకసారి ఎగాదిగా చూసి తీసిచ్చాడు. ఇప్పుడు ‘టప్’మని ఒక్క చప్పుడు, అంతే. అప్‌గ్రేడ్ అంటే నా లెక్కలో ఇదీ, పవర్ కాదు.

పిస్టన్ తిరిగి దూర్చేటప్పుడు సిలిండర్ కోత అంచులు చేత్తో తడిమి చూడు, బ్లేడులా ఉంటాయి, కొత్త సీల్‌ను కోసేస్తాయి. ముందే వాటర్ పేపర్‌తో నున్నగా రుద్ది, పొడి మొత్తం తుడిచెయ్.

ఇక గ్రీజు. ఇనుము ఇనుముకు రాసుకునే చోట, అంటే పిస్టన్ వెనక భాగానికి, స్ప్రింగుకు, గైడుకు మాలిబ్డినం గ్రీజు, కార్ల సీవీ జాయింట్లకు వాడే నల్లదే, ఉందా లేదా అన్నంత పల్చగా. పిస్టన్ ముందు సీల్‌కు మాత్రం సిలికాన్ గ్రీజు, అదీ వేలి కొనకు అంటినంత. ఎక్కువ పూస్తే ఎక్కువ మంచిదనుకునేవు, మిగిలినదంతా ముందుకు జారి మళ్లీ పొగే. మన మే నెల ఎండలకు పల్చటి గ్రీజు కారిపోతుంది కూడా. నీది పాతది కాబట్టి తోలు సీల్ ఉండొచ్చు, అది ఎండి గట్టిపడినా పవర్ పోతుంది, మార్చే ముందు దాని సంగతి చూడాలి.

బ్రీచ్ దగ్గర, అంటే పెల్లెట్ పెట్టే చోట, గాలి లీకవుతుందేమో చూడ్డం ఈజీ, బ్యారెల్ కీలు దగ్గర చిన్న టిష్యూ ముక్క పెట్టి పేల్చు, ఎగిరిందంటే అక్కడి రబ్బరు ‘ఓ-రింగు’ (O-ring) పోయినట్టు. పెల్లెట్ లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకు, పిస్టన్‌కు గాలి మెత్త ఉండక నేరుగా సిలిండర్ చివరి గోడను గుద్దుతుంది.

పవర్ పిచ్చి గురించి ఒక్క మాట. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే, ఆ బోర్డులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, అక్కడ పెల్లెట్ స్పీడు సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కలే. ఇంకోటి, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటినా, బోరు, అంటే బ్యారెల్ రంధ్రం, 4.5 మిల్లీమీటర్లు మించినా లైసెన్సు కావాలి. అర గ్రాము పెల్లెట్ 200 మీటర్ల స్పీడుతో పోతే 10 జౌళ్లు, 280 దాటితే దాదాపు 20కి చేరిపోతావు. గట్టి స్ప్రింగు వేసి అటు పోలీసుల టెన్షన్, ఇటు సీల్ ఖర్చు నీకెందుకు? పిట్టల మీద గురి పెడితే ఆ కేసు వేరే, మీ మేనల్లుడికి కూడా గట్టిగా చెప్పు. ఖాళీ డబ్బాలకు, వెనక మట్టి దిబ్బ ఉంటేనే.

శనివారం బస్సెక్కి రా, ఆదివారం లేతు బంద్. గన్ కవర్లో పెట్టుకుని రా, ఊరికే భుజానికి తగిలించుకుని బస్టాండులో తిరక్కు. ఈలోపు నూనె చుక్క కూడా పోయకు. క్లాంపు నా దగ్గరుంది, నువ్వు పెల్లెట్ల డబ్బా, పాత బనీను గుడ్డలు తెచ్చుకో, బాగా పనికొస్తాయి.

నీ సోపతిగాడు